షార్ట్‌కట్‌కి అక్షరం చూడాలా, కీ ఉన్న చోటు చూడాలా?

ఇన్‌స్క్రిప్ట్_బాబాయ్:
మా నోట్స్ యాప్ బ్రౌజర్‌లోనే నడుస్తది. జె కొడితే కింది నోట్, కె కొడితే పై నోట్, స్లాష్ కొడితే సెర్చ్. నేను ఇన్‌స్క్రిప్ట్ (తెలుగు కీబోర్డు లేఅవుట్) ఆన్‌లో పెట్టుకునే ఉంటా, ఒక్కటీ పనిచెయ్యదు. కోడ్ తెరిచి చూస్తే ఈవెంట్.కీ ని, అంటే ఆ కీ కొడితే వచ్చే అక్షరాన్ని, ఇంగ్లీష్ కె తో పోలుస్తున్నారు, నాకేమో ఆ కీ మీద వచ్చేది క, జె మీద ర, స్లాష్ మీద య, ఇంక కలిసేదెక్కడ. ఈవెంట్.కోడ్, అంటే కీబోర్డు మీద ఆ కీ ఉన్న చోటు, చూస్తే లేఅవుట్ ఏదైనా అదే విలువ వస్తది కదా, మొత్తం మార్చేద్దామంటే టీమ్‌లో ఒకాయన ఒప్పుకోట్లేదు. మీరేమంటారు?

మ్యూనిక్_మామ:
ఆయన చెప్పిందే కరెక్ట్. ఇక్కడ జర్మన్ కీబోర్డులో వై, జెడ్ తారుమారుగా ఉంటాయి. మా ఆఫీసులో ఒక ఎడిటర్ అచ్చం మీరన్నట్టే కోడ్ చూసి రాశారు, కంట్రోల్ జెడ్ కొడితే అన్‌డూ బదులు రీడూ అవుతది, నెల రోజులు తిట్టుకున్నాం. ఫ్రెంచ్ వాళ్లకైతే ఏ ఉండాల్సిన చోట క్యూ ఉంటది. కోడ్ అనేది గేముల్లో అటూ ఇటూ నడవడానికి బావుంటది గానీ, అక్షరం పేరుతో పిలిచే షార్ట్‌కట్‌కి కాదు.

అర్ధరాత్రి_డెవ్:
ఇద్దరూ కరెక్టే బ్రో. ముందు కీ చూడండి, అది ఇంగ్లీష్ అక్షరమైతే అదే ఫైనల్, కాకపోతేనే కోడ్ చూడండి. అన్నిటికంటే పైన ఈజ్‌కంపోజింగ్ (మాట ఇంకా కూర్పులోనే ఉందా అని చెప్పేది) చెక్ చేసి, ఉంటే బయటికి వచ్చెయ్యండి, ఐఎంఈ (కొట్టిన కీలని వేరే భాష అక్షరాలుగా కూర్చే సాఫ్ట్‌వేర్) తో టైప్ చేసేవాళ్లకి అసలు కీ బదులు కీకోడ్ 229 వస్తది, దాన్ని పట్టించుకోకపోతే మాట మధ్యలో నోట్ మారిపోద్ది. టెక్స్ట్ బాక్సులో ఉన్నప్పుడు కూడా వదిలెయ్యాలి, ఇది చెప్పాలా అనుకోకండి, చాలామంది మర్చిపోతారు.

స్క్రీన్‌రీడర్_అక్క:
అసలు ఒంటి అక్షరం షార్ట్‌కట్లు ఎందుకయ్యా? గొంతుతో టైప్ చేసేవాళ్లు ఒక మాట అంటే అందులో ప్రతి అక్షరం ఒక కమాండ్ అయి కూర్చుంటది. 2018లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.1 (వెబ్ పేజీలు వికలాంగులు కూడా వాడగలిగేలా ఉండాలనే మార్గదర్శకాలు) లో 2.1.4 నియమం ఇందుకే పెట్టారు, ఆఫ్ చేసుకునే వీలో, మార్చుకునే వీలో ఉండాలి, లేదా ఆ భాగం మీద ఫోకస్ ఉన్నప్పుడే పనిచెయ్యాలి. కొన్ని సైట్లు కంట్రోల్ ఎఫ్ కూడా లాగేసుకుంటాయి, నేనైతే ఫైర్‌ఫాక్స్ పేజీ ఇన్ఫోలో ఆ పర్మిషన్ బ్లాక్ చేసి పడేస్తా.

ఇన్‌స్క్రిప్ట్_బాబాయ్:
అక్కా, ఆఫ్ బటన్ పెడతాం, అది ఒప్పుకుంటా. కానీ తీసెయ్యమంటే మాత్రం కుదరదు, మౌస్ పట్టుకోకుండా రోజుకి వందల నోట్స్ తిరగేస్తాం. డెవ్ బ్రో చెప్పింది పెట్టి చూశా, జె, కె, స్లాష్ మూడూ పనిచేస్తున్నాయి.

మ్యూనిక్_మామ:
తొందరపడకు బాబాయ్. ఇక్కడ మీ స్లాష్ ఉండే చోట మాకు డాష్ ఉంటది. డాష్ ఇంగ్లీష్ అక్షరం కాదు కాబట్టి మీ లెక్కలో కోడ్ దగ్గరికే పోద్ది, నేను డాష్ కొడితే సెర్చ్ తెరుచుకుంటది.

అర్ధరాత్రి_డెవ్:
అబ్బా, అవును. అక్షరాలే కాదు, గుర్తులతో సహా ఆస్కీ (ఇంగ్లీష్ అక్షరాలు, అంకెలు, మామూలు గుర్తుల పట్టిక) మొత్తం దాటితేనే కోడ్ చూడమని మార్చండి. నాదే తప్పు.