మొదటి ఊసరవెల్లి: వెయిల్డా, పాంథరా, జాక్సనా?

ఆకునీడ:
అందరికీ నమస్కారం. ఆరు నెలలుగా ఊసరవెల్లుల గురించే చదువుతున్నాను. ఇంట్లో నాలుగేళ్లుగా లెపర్డ్ గెకో అనే బల్లి ఉంది కాబట్టి తిండికి పురుగులను పెంచడం, వాటికి కాల్షియం పొడి అద్దడం నాకు కొత్త కాదు. ఊసరవెల్లి మాత్రం ఇదే మొదటిది. ఎవరిని అడిగినా "మొదటిసారి అయితే వెయిల్డ్ తీసుకోండి, గట్టి ప్రాణం" అంటున్నారు. నా మనసు చిన్నప్పటి నుంచి మూడు కొమ్ముల జాక్సన్ మీద ఉంది. ఈ మధ్య ఒకరి ఇంట్లో పాంథర్‌ను చూసి వచ్చాక మళ్లీ ఊగిసలాట మొదలైంది. సరీసృపాలను చూసే పశువైద్యుడు గంట ప్రయాణంలో ఉన్నారు. ఒక గది పూర్తిగా కేటాయించగలను. మీరు నా స్థానంలో ఉంటే ఏది తెచ్చుకునేవారు? ఎందుకు?

గట్టిచెట్టు:
వెయిల్డే. యెమెన్, సౌదీ అరేబియా నైరుతి భాగం దాని పుట్టిల్లు. అక్కడ ఎండిన లోయలున్నాయి, పొగమంచు కమ్మే కొండచరియలున్నాయి. పగటి ఎండకూ రాత్రి చలికీ మధ్య ఎంతో తేడాను ఓర్చుకుంటూ వచ్చిన జాతి అది. ఒక పూట తేమ తగ్గినా, దీపం కింద వేడి రెండు డిగ్రీలు అటూ ఇటూ అయినా కుంగిపోదు. పురుగులతో పాటు ఆకులు కూడా తింటుంది. మా దాని పంజరంలో మందార మొక్క పెడితే వారం తిరిగేసరికి చిగుళ్లన్నీ మాయం. పైగా దొరికేవి దాదాపు అన్నీ పెంపకంలో పుట్టినవే. కొత్తగా పెంచేవారి చేతిలో తప్పులు జరుగుతాయి. తప్పును తట్టుకునే జీవిని ఎంచుకోమనడం ఆ జీవికీ మేలే.

నీటిచుక్క:
గట్టిచెట్టు గారూ, "తప్పును తట్టుకునే జీవి" అన్న మాట దగ్గరే నాకు పేచీ. ఊసరవెల్లి జబ్బును చివరి దాకా దాచుకుంటుంది. అడవిలో నీరసంగా కనిపించిన దాన్ని ఏదో ఒకటి ఎత్తుకుపోతుంది మరి. బయటికి బాధ కనిపించకపోతే మనం దాన్ని గట్టిదనం అనుకుంటున్నాం.

నా మొదటిది ఆడ వెయిల్డ్. ఆడదా మగదా అని అమ్మినవారు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఏడో నెలలో ఒక రోజు కొమ్మలన్నీ వదిలి పంజరం అడుగుకు దిగింది. మూల మూలా తిరుగుతూ ముందుకాళ్లతో వలను గీరుతోంది. బయటికి రావాలనుకుంటోంది కాబోలు అనుకున్నాను. మర్నాడు ఎక్కడో చదివి ఒక పూలకుండీలో మట్టి నింపి పెట్టాను. ఆ మట్టి జానెడు లోతు కూడా లేదు. తవ్వింది. ముక్కు కుండీ అడుగుకు తగిలింది. కాసేపు అలాగే ఆగి, వెనక్కి వచ్చి, కొమ్మ ఎక్కి కూర్చుంది. మూడో రోజు పట్టపగలు కళ్లు మూసుకుంది. ఊసరవెల్లి పగలు కళ్లు మూసుకుందంటే గంటలు లెక్కపెట్టుకోవాల్సిందేనని అప్పటికి నాకు తెలియదు. ఎక్స్‌రేలో కడుపు నిండా గుడ్లు. శస్త్రచికిత్సలో తీసినవి 58. అది మాత్రం దక్కలేదు.

అది జీవితంలో మగదాన్ని చూడనే లేదు. వెయిల్డ్ ఆడవి జత కట్టకపోయినా గుడ్లు పెడతాయి. వేడి ఎక్కువై, తిండి ఎక్కువైతే గుడ్లూ పెరుగుతాయి. ఒక్క కాన్పులో 80 దాటడం కూడా ఉంది. ఆ పెంకులకు కావలసిన కాల్షియం తిండిలో చాలకపోతే తన ఎముకల నుంచే తీసుకుంటుంది.

రెండో ఆడదానికి, పెద్దదయ్యాక, రోజు విడిచి రోజు మూడు నాలుగు పురుగులే పెట్టాను. దీపం కింద వేడి 27 డిగ్రీలు దాటనివ్వలేదు. 30 సెంటీమీటర్ల లోతున తడి ఇసుక నింపిన తొట్టె ఎప్పుడూ లోపలే ఉండేది. తవ్వడం మొదలుపెట్టగానే పంజరానికి దుప్పటి కప్పి గది బయటికి వెళ్లిపోయేదాన్ని. మనిషి కంటబడితే గుంట వదిలేసి గుడ్లను లోపలే బిగపట్టుకుంటుంది. అది ఆరో ఏడు దాకా బతికింది. ఆకునీడ గారూ, "వెయిల్డ్ తేలిక" అని చెప్పేవారు ఈ తొట్టె సంగతి కూడా చెప్పారేమో అడగండి.

గట్టిచెట్టు:
మీ బాధ అర్థమైంది. చెప్పినదంతా నిజం కూడా. కానీ అది ఆడదాని సమస్య, జాతి సమస్య కాదు. మగదాన్ని తెచ్చుకుంటే ఈ కథే లేదు. వెయిల్డ్‌లో ఆ గుర్తింపు చాలా సులువు. గుడ్డులోంచి వచ్చిన రోజు నుంచే మగపిల్ల వెనక కాలి మడమ మీద చిన్న బొడిపె ఉంటుంది. పాంథర్ పిల్లల్లో ఆ వీలు లేదు, కొన్ని నెలలు ఆగాలి. ఆ కాలు చూడకుండా కొనవద్దు, అంతే.

నీలిగీత:
నా దగ్గర రెండు మగ పాంథర్లున్నాయి. ఒకటి నోసీ బే రకం, నీలం కలిసిన ఆకుపచ్చ. ఇంకొకటి అంబిలోబే, ఎరుపూ నీలమూ పట్టీలు. ఇవి మడగాస్కర్ ఉత్తర, తూర్పు తీరాలవి. ఒక్కో ఊరి పాంథర్ మగదానికి ఒక్కో రంగు. ఆడవి ఏ ఊరివైనా లేత నారింజ, గులాబీ మట్టిరంగులోనే ఉంటాయి.

రంగు మీద ఒక మాట చెప్పాలని ఎప్పటి నుంచో ఉంది. మాట మార్చే మనిషిని మనం ఊసరవెల్లి అంటాం. ఆ తిట్టు దీనికి అన్యాయం. ఇది రంగు మార్చేది ముఖ్యంగా దాక్కోవడానికో మోసగించడానికో కాదు, లోపల ఉన్నది బయటికి చెప్పడానికి. 2015లో జెనీవా విశ్వవిద్యాలయం పరిశోధకులు పాంథర్ల మీదే పనిచేసి దీని కీలకం బయటపెట్టారు. చర్మకణాల్లో గ్వానైన్ అనే పదార్థపు అతి చిన్న స్ఫటికాలు వరుసగా పేర్చి ఉంటాయి. జీవి నెమ్మదిగా ఉన్నప్పుడు అవి దగ్గరగా ఉండి నీలపు కాంతిని తిప్పి పంపుతాయి. పైనున్న పసుపుతో కలిసి అది మనకు ఆకుపచ్చగా కనిపిస్తుంది. ఉద్రేకపడితే స్ఫటికాల మధ్య దూరం పెరిగి పసుపు, నారింజ వైపు జరుగుతుంది. మా అంబిలోబే కిటికీ అద్దంలో తన నీడను చూసిన క్షణంలో ఆకుపచ్చ పోయి పసుపు పొంగడం నేను కళ్లారా చూశాను. వెంటనే తెర వేశాను. అది అందమైన దృశ్యమే, కానీ దానికి ఆ క్షణంలో యుద్ధం.

ఇక ఎంపిక విషయం. పాంథర్‌కు వేడి అవసరం వెయిల్డ్ లాంటిదే. దీపం కింద 29 నుంచి 32 డిగ్రీలు చాలు. తేమ మాత్రం కాస్త ఎక్కువ కావాలి. స్వభావం నెమ్మది. మా రెండూ చేతిలోంచి పట్టుపురుగు తీసుకుంటాయి. తండ్రి ఫోటో చూసి పిల్లను కొనేవారు ఎక్కువ. తొలి నెలల్లో పిల్లలన్నీ బూడిదరంగులో ఉంటాయి. అసలు రంగు రావడానికి ఏడాది పట్టవచ్చు, వచ్చేది తండ్రి రంగే అన్న హామీ లేదు. రంగు కోసమే కొంటే మాత్రం వద్దని చెబుతాను.

కొండచలి:
జాక్సన్ పెంచేవారిలో ఇంతవరకు ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను చెబుతాను. ఆరేళ్లుగా పెంచుతున్నాను, ఈ మూడింటిలో నాకు ప్రాణం ఇదే. అయినా మీకు ఒక్క ప్రశ్న వేశాకే మాట్లాడతాను: మీ గదిలో తెల్లవారుజామున నాలుగు గంటలకు ఎన్ని డిగ్రీలు?

జాక్సన్ కెన్యా, టాంజానియా ఎత్తైన కొండలది. పెంపకంలో ఎక్కువగా కనిపించే రకం మౌంట్ కెన్యా వాలుల నుంచి వచ్చింది. పగలు దీపం కింద 27, 28 చాలు, మిగతా పంజరం ఇంకా చల్లగా ఉండాలి. రాత్రి 18 కంటే కిందికి దిగాలి, 12 అయినా హాయిగా నిద్రపోతుంది. ఆ చలి లేకపోతే వెంటనే ఏమీ కాదు. మెల్లగా, నెలల మీద, తిండి తగ్గి, నీరు తగ్గి కృశిస్తుంది. దాన్నే జనం "ఎందుకో పోయింది" అంటారు.

పొడుల విషయంలోనూ దీని లెక్క వేరు. వెయిల్డ్ పిల్లకు పెట్టినట్టు విటమిన్ ఎ, డి3 పొడి అద్దుకుంటూ పోతే గొంతు కింద, మెడ పక్కన నీరు నిండినట్టు ఉబ్బుతుంది. మా దానికి మొదటి ఏడాదిలో ఆ ఉబ్బు వచ్చింది. పొడి నెలకు రెండుసార్లకు తగ్గించి, పురుగులకు పెట్టే ఆకుకూరలు మార్చాక నాలుగు వారాలకు తగ్గింది.

ఇంకొకటి. ఇది గుడ్లు పెట్టదు, పిల్లల్ని కంటుంది, ఒక్కోసారి ముప్పై దాకా. అడవి నుంచి పట్టి తెచ్చిన ఆడది ఇంటికి వచ్చేనాటికే చూలుతో ఉండవచ్చు, కడుపులో పురుగులూ ఉండవచ్చు. పిల్లలు ఎక్కువైతే చెట్ల మీద వదిలేద్దాం అని ఎవరైనా అంటే హవాయి సంగతి గుర్తుచేయండి. 1972లో అక్కడికి తెచ్చిన కొన్ని డజన్ల జాక్సన్‌లను కోలుకోవడానికని పెరట్లో వదిలారు. ఇప్పుడు అక్కడి స్థానిక నత్తలనూ కీటకాలనూ తింటున్నవి వాటి సంతానమే.

పచ్చికొమ్మ:
చర్చకు అడ్డం వస్తున్నాను, క్షమించండి. పెద్ద పంజరం ఉంటే ఒక పాంథర్, ఒక వెయిల్డ్ కలిపి పెట్టవచ్చా?

కొండచలి:
వద్దు. ఒకే జాతివైనా వద్దు. కొట్టుకోకపోయినా, రోజంతా ఎదుట మరొకటి కనిపించడమే వాటికి జబ్బు.

నీటిచుక్క:
గట్టిచెట్టు గారు మగదాన్ని తెచ్చుకోమన్నారు, ఒప్పుకుంటాను. మగ వెయిల్డ్ కోపిష్టి అని చాలామంది అంటారు, అక్కడ మాత్రం నేను దాని తరఫున నిలబడతాను. నోరు తెరిచి బుస కొట్టడం, ఒళ్లు బల్లపరుపుగా చేసి పక్కకు ఊగడం కోపం కాదు, భయం. పంజరం నేల మీద ఉంటే మనం పైనుంచి వంగి చేయి పెడతాం. దానికి అది గద్ద. అదే పంజరాన్ని బల్ల మీదికి ఎత్తి, అది కూర్చునే కొమ్మ మన తల కంటే పైన ఉండేట్టు చేస్తే సగం బుసలు ఆగిపోతాయి. పాంథర్ అయినా రోజూ చేతిలోకి తీసుకుని తిప్పడానికి కాదు. చూసి సంతోషించడానికే.

ఆకునీడ గారూ, పిల్ల కాకుండా పెద్దదాన్ని తీసుకునే ఆలోచన ఉందా? ఊసరవెల్లి పిల్ల ఒక్క రోజు నీళ్లు సరిగా తాగకపోయినా కళ్లు లోపలికి పోతాయి. గిన్నెలో నీళ్లను అది గుర్తించదు, ఆకు మీద కదిలే బొట్టునే నాకుతుంది. ఏడాది దాటినది అయితే ఆ తొందర తక్కువ. మగదో ఆడదో తెలుస్తుంది, కాళ్లు వంకర పోయాయో లేదో కనిపిస్తుంది, మలంతో వచ్చే తెల్లని ముద్ద తెల్లగానే ఉందో, నీరు చాలక నారింజ రంగుకు తిరిగిందో చూసి మరీ తెచ్చుకోవచ్చు. పెంచలేక ఇచ్చేస్తామనేవారు ఎప్పుడూ ఉంటారు, అందులో వెయిల్డ్‌లే ఎక్కువ. "తేలిక" అని విని కొన్నవారే వాళ్లలో చాలామంది.

గట్టిచెట్టు:
ఆ చివరి మాట నన్ను ఆలోచనలో పడేసింది. నేనూ ఎంతోమందికి అదే మాట చెప్పి కొనిపించాను. ఇకపై యూవీబీ ట్యూబ్ గురించి, అంటే కాల్షియం ఒంటికి పట్టడానికి కావలసిన అతినీలలోహిత కాంతిని ఇచ్చే దీపం గురించి చెప్పాకే జాతి పేరు ఎత్తుతాను. గాజు దాటి యూవీబీ రాదు కాబట్టి కిటికీ ఎండ లెక్కలోకి రాదు. ట్యూబ్ కంటికి వెలుగుతూనే ఉన్నా ఏడాదిలోపు దాని శక్తి తగ్గిపోతుంది. దవడ మెత్తబడి, ముంజేతులు విల్లులా వంగిన వెయిల్డ్ ఫోటోలు నాకు చాలాసార్లు వచ్చాయి. ప్రతిసారీ ట్యూబ్ లేకపోవడమో, పాతదైపోవడమో.

ఆకునీడ:
మూడు వారాల తర్వాత వచ్చాను. కొండచలి గారి ప్రశ్నకు జవాబు వెతికాను. పదహారు రాత్రులు తెల్లవారుజామున లేచి థర్మామీటరు చూశాను. ఒక్క రాత్రి 22కు దిగింది, మిగతా అన్నీ 23, 24. జాక్సన్ ఆశ వదులుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ రోజు చాలా దిగులుగా అనిపించింది.

నీటిచుక్క గారు చెప్పినట్టు విచారిస్తే ఇల్లు మారుతూ ఇచ్చేస్తున్న ఒక మగ వెయిల్డ్ గురించి తెలిసింది. వయసు ఏడాదిన్నర. వెళ్లి చూశాను. మడమ మీద బొడిపె ఉంది, కాళ్లు తిన్నగా ఉన్నాయి, నన్ను చూసి బుస కొట్టింది. వాళ్ల పంజరం నేల మీదే ఉంది. వచ్చే నెల మొదటి వారం దాకా ఉంచుతామన్నారు.

ఈలోగా ఖాళీ పంజరాన్నే నడుపుతున్నాను. 60 సెంటీమీటర్ల వెడల్పు, 120 ఎత్తు, అన్ని వైపులా వల. లోపల మనీప్లాంట్, రెండు మందార మొక్కలు. రాత్రి తేమ 85 దాకా వెళ్తోంది, మధ్యాహ్నానికి 45కు వస్తోంది. ఉదయం చల్లిన నీళ్లు ఆకుల మీద పదకొండింటికల్లా ఆరిపోతున్నాయి. అడుగున ఒక మూల మాత్రం సాయంత్రం దాకా చెమ్మగానే ఉంటోంది. నిన్న అక్కడ వేలు పెట్టి చూస్తే జిగురుగా తగిలింది. ఆ మూల పళ్లేన్ని కాస్త వాలుగా పెట్టి నీరు బయటికి పోయేట్టు చేయనా, లేక చల్లడమే తగ్గించనా? అది వచ్చేలోగా ఇది తేల్చుకోవాలి.