పరాయి దేశాల నుంచి వచ్చి మన ఇంట్లో పీట వేసుకు కూర్చున్నవి: మీకు నచ్చింది ఏది?

పాతరేడియో:
ఫారిన్ సరుకు గొప్పలు చెప్పుకోవడానికి కాదు ఈ చర్చ. ఏదైనా ఒక వస్తువో, కళో, పద్ధతో తీసుకోండి. ఏ దేశంలో, ఏ అవసరానికి పుట్టింది, మన దగ్గరికొచ్చాక ఏమైంది, మీకెందుకు ఇష్టం. అంతే.

నా ఓటు హార్మోనియానికి. 1842లో పారిస్‌లో అలెగ్జాండర్ దెబేన్ దానికి పేటెంటు తీసుకున్నాడు. పెద్ద పైపు ఆర్గన్ కొనలేని చిన్న చర్చీలు, ఇళ్ళు దాని గిరాకీ. అక్కడ కుర్చీలో కూర్చుని కాళ్ళతో తిత్తి తొక్కుతూ రెండు చేతులా వాయిస్తారు. చాప మీద బాసింపట్టు వేసుకు కూర్చునే మనకు అదెలా కుదురుతుంది? కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ 1875 ప్రాంతంలో తిత్తిని పెట్టె వెనక్కి తెచ్చి, ఎడమ చేత్తో ఊదుతూ కుడి చేత్తో వాయించేలా మార్చాడు. మన పద్యనాటకం ఆ పెట్టె మీదే నిలబడింది. శ్రీకృష్ణుడు రాగం తీస్తూ ఎంత దూరం పోతే హార్మోనిస్టు అంత దూరం పోవాలి, ఎప్పుడు తిరిగొస్తాడో కనిపెట్టుకుని ఉండాలి. మా వైపు నాటకం ఒప్పుకునేటప్పుడు వేషధారుల పేర్ల కన్నా ముందు ‘హార్మోనియం ఎవరు?’ అని అడిగేవాళ్ళు.

దీన్ని ఆకాశవాణి 1940లో నిషేధించింది. 1971 దాకా సడలించలేదు. రీడ్లలో స్వరాలు బిగించినట్టు ఉంటాయి, గమకం (స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికించడం) పలకదని వాళ్ళ అభ్యంతరం. అందులో నిజం లేకపోలేదు. అయినా రేడియో వద్దన్నదాన్ని పల్లెలు ముప్పై ఏళ్ళు మోశాయి చూడండి, అందుకే ఇష్టం.

గంటస్తంభం:
గమకం అన్నారు కాబట్టి వయొలిన్ గురించి మా విజయనగరం వాళ్ళం మాట్లాడకపోతే బాగోదు.

ఇటలీలో క్రెమోనా ఊరి పనితనం అది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో ఒక యూరోపియన్ దగ్గర నేర్చుకుని మన కచేరీలోకి తెచ్చారు. వడివేలు తిరువాన్కూరు ఆస్థానంలో వాయించారు, స్వాతి తిరునాళ్ ఆయనకు దంతపు వయొలిన్ బహూకరించారు. ఇక్కడ అసలు సంగతి కూర్చునే పద్ధతి. వాళ్ళు నిలబడో, కుర్చీలో కూర్చునో గడ్డం కింద నొక్కిపెడతారు. మనవాళ్ళు నేల మీద కూర్చుని, దాని తలని కుడి పాదం మీద ఆనించి, రెండో కొసని ఎడమ భుజం దగ్గర ఆపుతారు. దాంతో ఎడమ చేతికి బరువు మోసే పని తప్పింది. వేలు తీగ మీద పైకీ కిందకీ జారగలిగింది. శ్రుతి కూడా మార్చి షడ్జమ పంచమ షడ్జమ పంచమాలకు కట్టుకున్నారు. ఒక్క మేకు కొట్టకుండా, ఒక్క చెక్క మార్చకుండా ఒక వాయిద్యాన్ని సొంతం చేసుకోవడం ఎలాగో ఇక్కడ చూడాలి.

మా మహారాజా సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్‌గా చేసిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారికి చూపు అంతంతమాత్రం. ఆ కమానులో ఉన్న నిదానం ఇప్పటి స్పీడు కచేరీల్లో నాకు దొరకడం లేదు. (తిట్టుకోండి, పర్లేదు.)

పాలకొల్లు కుర్రాడు:
మాండలిన్‌ని మర్చిపోతే ఎలాగండీ? నేపుల్స్ వాయిద్యం, జంట తీగలు నాలుగు వరసలు, మొత్తం ఎనిమిది. మా ఊళ్ళో 1969లో పుట్టిన యు. శ్రీనివాస్ గారు ఎలక్ట్రిక్ మాండలిన్ తీసుకుని జంటలు తీసేసి, ఒంటి తీగలు ఐదు పెట్టించుకున్నారు. జంట తీగల్ని పక్కకి లాగి గమకం పలికించడం కష్టం, ఒంటి తీగ మాట వింటుంది. మిగతాది మీ అందరికీ తెలిసిందే.

మనవే చాలు:
అందరూ భలే రాస్తున్నారు కానీ, ఒక మాట. మన వీణ ఏం తక్కువ చేసింది? బయటివాటికి హారతులు పట్టే బదులు మనవి నలుగురికీ చెప్పుకుంటే బాగుంటుంది కదా. బొబ్బిలి వీణ చేసేవాళ్ళ ఇళ్ళు ఎలా గడుస్తున్నాయో ఎవరైనా ఒక పోస్టు పెట్టండి ముందు.

వరిచేను:
మనవే చాలు గారూ, బొబ్బిలి వీణ మీద మీరే పెట్టండి, మేం చదువుతాం. ఈలోగా నేను చర్చని కంచం వైపు లాగుతాను.

మా తాతగారి రోజుల్లో డెల్టాలో అన్నీ పొడుగు రకాలేనండి. కాస్త ఎరువు ఎక్కువ పడిందా, ఏపుగా ఎదిగి, కంకి బరువెక్కేసరికి ఓ గాలివానకి చేను చేనంతా పడుకునేది. 1966లో ఫిలిప్పీన్స్‌లోని లోస్ బాన్యోస్‌లో ఉన్న అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఐఆర్8 విడుదల చేసింది. ఇండోనేషియా ‘పేట’ రకాన్ని తైవాన్ పొట్టి రకంతో కలిపి తీసిన వంగడం. పొట్టిగా, గట్టి దుబ్బుతో నిలబడుతుంది, వేసిన ఎరువు గింజకే వెళ్తుంది. మా జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారు 1967లో పండించి చూపించారు. ఆ రోజుల్లో దిగుబడి చూసి జనం నమ్మలేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. అన్నం మాత్రం, నిజం చెప్పాలంటే, వేడిగా ఉన్నప్పుడే తినాలి. చల్లారితే గట్టిపడిపోయేది. మా ఇంట్లో ఆ వడ్లు మిల్లుకి తోలేసి, తినడానికి వేరే పాతర ఉంచుకునేవారు.

ఇప్పుడు తెలుగువాళ్ళు ప్రాణం పెట్టే సాంబ మసూరికి రండి. బీపీటీ 5204, బాపట్ల నుంచి 1986లో వచ్చింది. దాని పుట్టుక చూడండి: కోయంబత్తూరు జీఈబీ 24, తైవాన్ తైచుంగ్ నేటివ్ 1, ఈ రెంటి సంతతికి కలిపిన మసూరి. సన్న గింజ కోయంబత్తూరు వైపు నుంచి, పొట్టి కాండం తైవాన్ నుంచి. ఇంక మసూరి మలేషియాది, అక్కడ 1965లో విడుదలైంది. మా మార్టేరు స్వర్ణ కూడా (ఎంటీయూ 7029, 1982) వశిష్ఠకీ మసూరికీ పుట్టిందే. అంటే పెళ్ళి భోజనంలో తిన్నా, రేషన్ బియ్యంగా తెచ్చుకున్నా మసూరి రక్తం తప్పదు.

మనవే చాలు గారికి ఒక తాయిలం కూడా ఉందండోయ్. ఆ మసూరి తీసిన సంకరాలు 1950లలో మన కటక్‌లోని వరి పరిశోధన కేంద్రంలో, ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ పథకం కింద మొదలయ్యాయి. ఆ పథకంలో ఉన్న దేశాలకి విత్తనం పంపించారు. మలేషియా వాళ్ళు ఏళ్ళ తరబడి ఏరి, స్థిరపరిచి, పేరు పెట్టారు. మళ్ళీ మన చేలకొచ్చింది. ఇప్పుడు ఇది ఎవరిదని తేలుస్తారు?

మనవే చాలు:
తేల్చను గానీ, రాత్రికి పెరుగన్నంలో కలుపుకుంటాను. బాగా చెప్పారు. మిరపకాయ గురించి ఎవరైనా ఎత్తుకుంటారేమో అని భయపడుతున్నాను, ఆ పోర్చుగీసు కథ వందసార్లు విన్నాం, వదిలేయండి.

నగోయా నుంచి:
నేనుండేది ఐచి రాష్ట్రంలో, కార్ల కంపెనీల మధ్య. క్యూఆర్ కోడ్ ఇక్కడే పుట్టింది, 1994లో, డెన్సోలో. కారు విడిభాగాల పెట్టెల మీద బార్‌కోడ్లు ఉండేవి. ఒక్కో బార్‌కోడ్‌లో ఇరవై అక్షరాలకు మించి పట్టవు, అందుకని ఒకే పెట్టె మీద వరసగా చాలా అంటించాలి, పనివాళ్ళు అన్నీ స్కాన్ చేయాలి. మసహిరో హరా అనే ఇంజినీరు అడ్డంగానే కాక నిలువుగా కూడా సమాచారం ఇమిడ్చే పద్ధతి వెతికాడు. మధ్యాహ్నం ‘గో’ ఆట ఆడుకుంటూ, నలుపూ తెలుపూ కాయలు పరిచిన పలక చూసి ఆలోచన తట్టిందని ఆయనే చెప్పాడు.

నాకు నచ్చింది ఆ మూడు మూలల్లో ఉండే గళ్ళు. యంత్రం ‘ఇదిగో కోడ్ ఇక్కడుంది’ అని వెంటనే పోల్చుకోవాలి. చుట్టూ ఉన్న అచ్చులో అలాంటి ఆకారమే ఉంటే తికమక పడుతుంది. అందుకని హరా బృందం పత్రికలు, కరపత్రాలు, అట్టపెట్టెలు కుప్పలుగా పోసుకుని, నలుపు తెలుపుల ఏ నిష్పత్తి అచ్చులో అతి తక్కువగా కనిపిస్తుందో లెక్కగట్టారు. 1:1:3:1:1 తేలింది. ఏ వైపు నుంచి గీత గీసినా ఆ గడిలో అదే నిష్పత్తి వస్తుంది కాబట్టి ఫోను తలకిందులుగా పట్టుకున్నా చదువుతుంది. ఫ్యాక్టరీలో మసి, నూనె అంటుతాయని ముందే ఊహించి, ముప్పై శాతం దాకా చెడిపోయినా చదవగలిగేలా చేయవచ్చు. సెలవులకి వచ్చినప్పుడు మా వీధి బజ్జీల బండి మీద నూనె మరకలతో నిగనిగలాడే స్టిక్కరు ఠక్కున స్కాన్ అయితే, ఫ్యాక్టరీ కోసం పడ్డ ఆ శ్రమ బజ్జీల బండికి ఇలా అక్కరకొచ్చిందా అనిపించింది.

పేటెంటు ఉండి కూడా కంపెనీ వాడుకున్నవాళ్ళని డబ్బులడగలేదు. అడిగి ఉంటే యూపీఐ స్టిక్కరు ఇంకెలా ఉండేదో.

ఎస్పూ చలి:
మాది ఫిన్లాండ్. నాకు నచ్చింది ఒక అట్టపెట్టె. కాన్పుకి ముందు ప్రభుత్వం తల్లికి పంపిస్తుంది. పసిబిడ్డ బట్టలు, చలికోటు, దుప్పటి, స్నానం నీళ్ళ వేడి చూసే థర్మామీటరు, గోళ్ళు కత్తిరించే చిన్న కత్తెర, బొమ్మల పుస్తకం. అడుగున పరుపు కూడా ఉంటుంది, సామాను తీసేశాక ఆ పెట్టెలోనే బిడ్డని పడుకోబెట్టొచ్చు. ఏటా డిజైను మారుస్తారు, పార్కులో పిల్లాడి కోటు చూసి ఏ ఏడు పుట్టాడో చెప్పేస్తారు ఇక్కడివాళ్ళు. మా అత్తగారు ఫోన్లో చూసి ‘బిడ్డని అట్టపెట్టెలో పెడతారా!’ అని ఒకటే గోల. తీరా వచ్చాక ఆవిడే అందులో పాత చీర పరిచి మెత్తగా చేశారు.

1938లో పేద తల్లులకి మొదలుపెట్టారు, 1949 నుంచి అందరికీ. ఊరికే ఇవ్వరు. నాలుగో నెల దాటకముందే వెళ్ళి పరీక్ష చేయించుకోవాలి. ఆ పరీక్షకి రప్పించడానికే ఈ పెట్టె ఎర. 1930లలో ఇక్కడ పుట్టిన ప్రతి వెయ్యి మందిలో అరవైకి పైగా పసివాళ్ళు ఏడాది నిండకుండా పోయేవాళ్ళట. పెట్టె వద్దంటే నగదు ఇస్తారు, కానీ తొలి కాన్పు వాళ్ళు చాలామంది పెట్టే తీసుకుంటారు.

మెతుకుసీమ:
అక్కా, గిసొంటిదే మా దిక్కు గూడ ఇచ్చిన్రు గదా. 2017ల సర్కారు దవాఖానల కాన్పయినోళ్ళకు కేసీఆర్ కిట్టు. బట్టలు, సబ్బు, నూనె, దోమతెర, తల్లికి చీరలు. పైసలు గూడ, మొగపిల్లగాడైతే పన్నెండు వేలు, ఆడపిల్లయితే పదమూడు వేలు, విడతలు విడతలుగ. గా పైసలు అచ్చుడు లేటైతుండె, అది వేరే ముచ్చట. మా చెల్లె కాన్పుకు దొరికిన దోమతెర ఇంక ఉన్నది, రెండో పిల్ల గూడ గండ్లనే పండింది. మీ పెట్టెల పుస్తకం పెడుతరని ఇప్పుడే తెల్సింది. గది మస్తు నచ్చింది నాకు. మా దాంట్ల గూడ పెడితే బాగుండు.

వరిచేను:
నగోయా గారి పోస్టు, ఎస్పూ గారి పోస్టు దాచుకున్నానండి. ఒక ప్రశ్న: మసూరి అన్నది లంకావి దీవిలో ఒక ఆడమనిషి పేరని విన్నాను. మలేషియా తెలుగువాళ్ళు ఎవరైనా ఉన్నారా ఇక్కడ?

బాగన్ దత్తో:
ఉన్నామండి. మా ముత్తాతగారు కొబ్బరి తోటల పనికి వచ్చారు, మేం ఇక్కడే ఉండిపోయాం. నా తెలుగు రాతలో తప్పులుంటే సర్దుకోండి.

అవును, మహ్సూరి లంకావి కథలో అమ్మాయి. భర్త యుద్ధానికి వెళ్ళినప్పుడు ఆమె మీద నింద వేసి చంపేశారు, తెల్లని రక్తం కారింది, ఏడు తరాలు ఈ దీవి బాగుపడదని శపించింది అంటారు. ఆమె సమాధి ఉంది, జనం చూడటానికి వస్తారు. మా స్కూల్లో ఈ కథ చెప్పేవాళ్ళు, కానీ ఆ పేరు బియ్యం మీకు రోజూ కంచంలో ఉంటుందని నాకు ఈ పోస్టుతోనే తెలిసింది. ఇక్కడ మా షాపుల్లో ఇండియా పొన్ని, బాస్మతి ఎక్కువ.

వచ్చేటట్టయితే కువాలా కెడా నుంచీ, కువాలా పెర్లిస్ నుంచీ ఫెర్రీలు ఉంటాయి. దారిలో కెడా అంతా వరి చేలే, మీ గోదావరి ఫోటోల్లో ఉన్నట్టే ఉంటుంది. లంకావిలో పాంతాయ్ చెనాంగ్ బీచ్ దగ్గర లామన్ పాడి అని వరి మ్యూజియం ఉంది, సమాధి కన్నా మీకు అదే ఎక్కువ నచ్చుతుందేమో. ముందు అది చూసి, ఎండ తగ్గాక సమాధి దగ్గరికి వెళ్ళండి.