ఏరోస్పేస్ చదవడానికి అమెరికా వచ్చిన తమ్ముడికి

తమ్ముడికి ఆశీస్సులు. ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసి, ఏరోస్పేస్ ఇంజనీరింగ్‌లో డిగ్రీ చదవడానికి ఈ మధ్యే అమెరికా వచ్చానని, కలిసిన మనవాళ్లందరూ "ఏరో వద్దు, కంప్యూటర్ సైన్స్‌కు మారిపో" అంటున్నారని రాశావు. ఏరోలో ఉద్యోగం దొరకదన్న వాళ్ల భయానికి కారణం ఉంది గానీ, వాళ్లు చూపించే దారితో నేను ఏకీభవించను.

ఆ కారణం ఐటార్. ఆయుధాలనూ, వాటికి సంబంధించిన సాంకేతిక సమాచారాన్నీ అనుమతి లేకుండా దేశం దాటనివ్వకుండా అమెరికా ప్రభుత్వం పెట్టుకున్న నిబంధనలివి. ఉపగ్రహాలను మోసుకెళ్లే రాకెట్లు కూడా వీటి పరిధిలోకి వస్తాయి. ఆ వివరాలను ఒక విదేశీయుడికి చూపిస్తే, అతడు అమెరికాలోనే కూర్చుని ఉన్నా సరే, అది ఎగుమతి కిందే లెక్క. పౌరులకూ, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకూ, శరణార్థులుగా ఆశ్రయం పొందినవాళ్లకూ ఈ అడ్డు లేదు. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్న నీకు ఉంది, రేపు హెచ్-1బీ ఉద్యోగ వీసా వచ్చినా ఉంటుంది. ప్రత్యేక అనుమతి తెచ్చుకునే వీలు కంపెనీలకు ఉన్నప్పటికీ, అప్పుడే డిగ్రీ చేతికి వచ్చిన కుర్రవాడి కోసం అంత శ్రమ పడేవి అరుదు. నాసా ఇంటర్న్‌షిప్‌లకైతే పౌరసత్వమే అడుగుతారు. ఈ సంగతి మూడో ఏట కెరీర్ ఫెయిర్‌లో వరుసలో నిలబడ్డాక తెలియడం కన్నా ఇప్పుడే తెలియడం మేలు.

చదువుకు మాత్రం ఇది అడ్డు కాదు. విశ్వవిద్యాలయాల్లో మామూలుగా బోధించే శాస్త్ర సూత్రాలు ఐటార్ కిందికి రావు, ఫలితాలను ప్రచురించే మౌలిక పరిశోధనకూ మినహాయింపు ఉంది. రక్షణ నిధులతో నడిచే కొన్ని ప్రాజెక్టుల్లో మాత్రం విదేశీ విద్యార్థులను తీసుకోరు కనుక, ఏ ప్రొఫెసర్ దగ్గరికి వెళ్లినా ఆ మాట ముందే అడుగు.

అందుకే నీ బ్రాంచి మార్చుకోకుండా, ఎలక్టివ్‌లను ఆలోచించి ఎంచుకోమంటాను. యంత్రాల కదలికను అదుపులో ఉంచే కంట్రోల్స్, వస్తువును చిన్న ముక్కలుగా విడగొట్టి దాని మీది ఒత్తిళ్లను లెక్కగట్టే ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి, ద్రవప్రవాహాలను కంప్యూటర్‌పై లెక్కగట్టే సీఎఫ్‌డీ, ఈ మూడూ బాగా వచ్చినవాడికి కార్ల సంస్థల్లోనూ, గాలిమరలు తయారుచేసే చోటా, వైద్య పరికరాల రంగంలోనూ పని ఉంటుంది.

ఇక మొదటి సెమిస్టర్ సంగతి. లెక్కల్లో నీకు ఇబ్బంది ఉండదు, ప్రమాణాల్లో ఉంటుంది. సముద్రమట్టం దగ్గర గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.225 కిలోగ్రాములని మనం నేర్చుకున్నాం. ఇక్కడ అదే ఘనపుటడుగుకు 0.002377 స్లగ్గులని ఇస్తారు (స్లగ్గు ఇక్కడి ద్రవ్యరాశి ప్రమాణం). పౌండు బలమా, ద్రవ్యరాశా అన్నది చూసుకోకపోతే జవాబు 32 రెట్లు తప్పుతుంది. దీన్ని చిన్న విషయమనుకోవద్దు: ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్-సెకన్లలో ఇచ్చిన విలువలను ఇంకొకటి న్యూటన్-సెకన్లుగా తీసుకోవడం వల్లే 1999లో నాసా మార్స్ క్లైమేట్ ఆర్బిటర్‌ను పోగొట్టుకుంది. ప్రతి మెట్టులోనూ ప్రమాణాలు రాసే అలవాటు ఈ వారమే మొదలుపెట్టు.

నమూనాల మీదికి గాలిని వదిలి పరీక్షించే విండ్ టన్నెల్ ల్యాబ్ వచ్చినప్పుడు అందమైన గ్రాఫ్ గీయడంతో ఆగిపోకు. నాకా 0012 అనే ప్రామాణిక రెక్క ఆకృతి పైనా కిందా ఒకేలా ఉంటుంది కనుక, గాలికి సున్నా కోణంలో ఉంచితే లిఫ్ట్ (పైకెత్తే బలం) కూడా సున్నా రావాలి. కోణాన్ని బట్టి లిఫ్ట్ ఎంతో చూపే నీ గీత మూలబిందువు గుండా పోలేదంటే నమూనాను కాస్త వంకరగా బిగించి ఉండాలి, లేదా టన్నెల్‌లో గాలే కొద్దిగా వాలుగా వస్తూ ఉండాలి. నమూనాను తలకిందులుగా బిగించి మళ్లీ కొలిస్తే ఆ తేడా ఎంతో తేలుతుంది. రిపోర్టులో ఇలాంటి వివరణ రాసినవాణ్ని ప్రొఫెసర్లు గుర్తుపెట్టుకుంటారు, ఇంటర్న్‌షిప్‌కు సిఫారసు లేఖ రాయించుకోవలసింది వాళ్ల చేతనే.

వీసా లెక్క క్లుప్తంగా: సాధారణంగా ఒక విద్యా సంవత్సరం పూర్తయ్యాకే సీపీటీ, అంటే చదువుతూ ఉండగా పనిచేసే అనుమతి. డిగ్రీ తర్వాత ఓపీటీ, అంటే చదివిన రంగంలో పనిచేసే అనుమతి, 12 నెలలు; సైన్స్, ఇంజనీరింగ్ వంటి డిగ్రీలవాళ్లకు ఇచ్చే స్టెమ్ పొడిగింపు 24 నెలలు. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి, అడుగు వేసే ముందు మీ అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో కనుక్కో.

ఇండియాకు తిరిగి వెళ్లడాన్ని ఓటమిగా చూసే మనవాళ్ల ధోరణి నాకు బాధ కలిగిస్తుంది. హైదరాబాద్‌కు చెందిన స్కైరూట్ సంస్థ 2022 నవంబర్ 18న శ్రీహరికోట నుంచి విక్రమ్-ఎస్ రాకెట్‌ను ప్రయోగించింది. ఇక్కడ నీకు తలుపు మూసి ఉన్న పని అక్కడ నీ చేతికే రావచ్చు.

వచ్చే సెమిస్టర్‌కు ఏ సబ్జెక్టులు అనుకుంటున్నావో రాయి, వాటి సిలబస్ చూసి నాకు తోచింది చెబుతాను.