డ్యాష్‌బోర్డ్‌లు 400 దాటాయి, నిర్ణయాలు మాత్రం పాత పద్ధతిలోనే జరుగుతున్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలి?

లెక్కలటీమ్:

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్ట్, ఓపిగ్గా చదవండి ప్లీజ్. నేను ఒక పెద్ద కంపెనీలో అనలిటిక్స్ టీమ్ లీడ్‌ని. మూడేళ్ల క్రితం ఎక్కడెక్కడో పడి ఉన్న డేటా అంతా, అంటే ఈఆర్‌పీ (కంపెనీ లెక్కలు, ఆర్డర్లు ఉండే సాఫ్ట్‌వేర్), సీఆర్‌ఎమ్ (కస్టమర్ల వివరాలు ఉండేది), వెబ్‌సైట్ క్లిక్‌లు, గోడౌన్ స్టాక్, అన్నీ ఒక క్లౌడ్ వేర్‌హౌస్‌లోకి, అంటే ఇంటర్నెట్‌లో ఉండే ఒకే డేటా గోదాములోకి, తెచ్చాం, మా వాళ్లు శని ఆదివారాలు కూడా చూసుకోకుండా కష్టపడ్డారు. ఇప్పుడు డ్యాష్‌బోర్డ్‌లు, అంటే నంబర్లని చార్ట్‌లుగా చూపించే స్క్రీన్‌లు, 400 దాటాయి. పోయిన నెల లాగ్స్ తీసి చూస్తే అందులో సగం పైనే మూడు నెలల నుంచి ఒక్కరు కూడా తెరవలేదు. చాలా బాధేసింది.

అసలు సంగతి మొన్న క్వార్టర్ రివ్యూలో జరిగింది. ఒక ప్రోడక్ట్ లైన్ కొనసాగించాలా ఆపేయాలా అన్నది ఆ రోజు తేల్చాలి. యాక్టివ్ కస్టమర్లు ఇంతమంది అని సేల్స్ వాళ్లు ఒక నంబర్ పెట్టారు, ఫైనాన్స్ వాళ్ల స్లైడ్‌లో ఇంకో నంబర్, మార్కెటింగ్‌ది మూడోది, మూడూ మా వేర్‌హౌస్‌లోంచి వెళ్లినవే. గంట మీటింగ్‌లో 40 నిమిషాలు ఎవరి నంబర్ కరెక్ట్ అన్న దగ్గరే అయిపోయింది, చివరికి మా హెడ్ "సరే, నా అనుభవం ప్రకారం ఇంకో ఏడాది నడిపి చూద్దాం" అనేసి లేచారు. ఆయన్ని తప్పుపట్టను, ఆ కుర్చీలో నేనున్నా అదే చేసేవాణ్ణేమో.

ఇప్పుడు పైనుంచి వచ్చిన మాట ఏంటంటే డేటా మీద ఒక ఏఐ చాట్‌బాట్ పెట్టండి, ఎవరికి ఏం కావాలన్నా మామూలు మాటల్లో అడుగుతారు, జవాబు వచ్చేస్తుంది అని. నా చేతిలో ఏడాది టైమ్, ఆరుగురు మనుషులు. చాట్‌బాట్ మొదలుపెట్టాలా, కింద ఉన్నది ముందు సరిచేయాలా? సరిచేయాలంటే ఎక్కడి నుంచి? ఇలాంటిది దాటి వచ్చినవాళ్లు చెప్పండి.

పైప్‌లైన్_పనివాడు:

చాట్‌బాట్ ముందు పెట్టకండి అండీ. కింద మూడు డెఫినిషన్‌లు ఉంటే అది ఏదో ఒకటి తీసుకుని ధీమాగా చెప్పేస్తుంది, ఏది తీసుకుందో అడిగినవాళ్లకి తెలీదు. ఇప్పుడు కనీసం గొడవైనా బయటికి కనపడుతోంది.

మీ మూడు నంబర్లలో ఏదీ తప్పు అయ్యుండదు. సేల్స్ వాళ్లకి ఆర్డర్ బుక్ అయితే చాలు కస్టమర్ యాక్టివ్, ఫైనాన్స్ వాళ్లకి ఇన్‌వాయిస్ అయ్యి రిటర్న్స్ పోగా ఏమైనా మిగిలితేనే యాక్టివ్, మార్కెటింగ్ వాళ్లకి 90 రోజుల్లో ఒక్కసారి లాగిన్ అయినా లెక్కే. పైగా ఒకరిది నెలాఖరు లెక్క, ఇంకొకరిది వారం లెక్క, ఒక టేబుల్ యూటీసీ (అంతర్జాతీయ ప్రామాణిక) టైమ్‌లో, ఇంకోటి ఆఫీస్ టైమ్‌లో, ఒకే కస్టమర్‌కి రెండు సిస్టమ్‌లలో రెండు ఐడీలు ఉండటం అయితే సరేసరి. నాసా అంగారకుడి దగ్గరికి పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే వ్యోమనౌక 1999లో ఇలాంటి కారణంతోనే పోయింది, ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్-ఫోర్స్ సెకన్లు అనే బ్రిటిష్ కొలతలో విలువలు ఇచ్చింది, వాటిని అందుకున్న సాఫ్ట్‌వేర్ మెట్రిక్ కొలత అయిన న్యూటన్ సెకన్లు అనుకుని వాడేసింది. అంకె అందింది, దాని అర్థం అందలేదు.

మేం ఏం చేశామో చెప్తా. ఉన్న రిపోర్ట్‌లన్నీ ముట్టుకోలేదు, బోర్డ్ మీటింగ్‌లోకి వెళ్లే 12 మెట్రిక్‌లు (కొలిచే అంకెలు) మాత్రం తీసుకున్నాం. ఒక్కోదానికి ఒక ఓనర్, మనిషి పేరుతో రాయాలి, టీమ్ పేరు రాస్తే ఎవరిదీ కాకుండా పోతుంది. డెఫినిషన్ మామూలు మాటల్లో ఒక పేరా, దాని ఎస్‌క్యూఎల్ (డేటాలోంచి ఆ నంబర్ లెక్కించే కోడ్) ఒకే ఒక్క చోట, సిమాంటిక్ లేయర్‌లో, అంటే డెఫినిషన్‌లన్నీ ఉండే పొరలో, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో గుర్తుపెట్టుకునే గిట్‌లో వెర్షన్‌తో సహా, పవర్ బీఐ, ట్యాబ్లో లాంటి రిపోర్ట్ సాఫ్ట్‌వేర్‌లలో చూసినా ఎక్సెల్‌లోకి లాగినా అదే కోడ్ నడవాలి. 5 నెలలు పట్టింది. కోడ్ రాసింది 6 వారాలే, మిగతాదంతా జనాన్ని ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించడం, అదే అసలు పని కాబట్టి ప్లాన్‌లో దానికి టైమ్ వేసుకోండి, లేకపోతే రెండో నెలలోనే ఇంకా ఏం డెలివర్ చేయలేదేంటని అడుగుతారు.

ఇంకోటి, డేటా చప్పుడు లేకుండా పాడవుతుంది. 2020లో ఇంగ్లండ్‌లో పబ్లిక్ హెల్త్ ఇంగ్లండ్ అనే ప్రభుత్వ ఆరోగ్య సంస్థ దగ్గర 15,841 కోవిడ్ పాజిటివ్ కేసులు రోజువారీ లెక్కలోకి రాకుండా పోయాయి, కారణం ఎక్సెల్ పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫైల్ ఫార్మాట్, అందులో షీట్‌కి 65,536 వరసలే పడతాయి. ఆ మనుషుల కాంటాక్ట్‌లని వెతకడం కూడా దానివల్ల ఆలస్యమైంది. అందుకని వేర్‌హౌస్‌లోకి డేటా చేరిన ప్రతిసారీ అవతల ఎన్ని వరసలు బయల్దేరాయి ఇవతల ఎన్ని చేరాయి, నిన్నటికీ ఇవాళ్టికీ ఖాళీ విలువలు ఒక్కసారిగా పెరిగాయా, ఇవి చూసే చెక్‌లు పెట్టండి. తేడా వచ్చిన రోజు "ఇవాళ డేటా పూర్తిగా రాలేదు" అని డ్యాష్‌బోర్డ్ పైనే ఎర్రగా కనపడాలి. ఒక్కసారి తప్పు నంబర్ పట్టుకెళ్లి పదిమందిలో ఇబ్బందిపడిన మేనేజర్ మళ్లీ మీ స్క్రీన్ వైపు రాడండీ, ఇది నేను కళ్లారా చూశాను.

ఆపరేషన్స్‌లో_20ఏళ్లు:

పైన చెప్పింది నిజమే కానీ నేను అవతలి పక్క నుంచి మాట్లాడతా. నేను టెక్నాలజీ మనిషిని కాను, మీలాంటి టీమ్‌లు ఇచ్చిన రిపోర్ట్‌లు వాడినదాన్ని, చాలావాటిని పక్కన పెట్టేసినదాన్ని కూడా. ఎందుకు పక్కన పెట్టానంటే అవి ఏం జరిగిందో చెప్పేవి, నాకు పొద్దున్నే కావాల్సింది ఇప్పుడు ఏం చేయాలన్నది. స్టాక్ 82 శాతం అని ఆకుపచ్చ రంగులో గుండ్రటి బొమ్మ కనపడితే దాంతో నేను చేసేదేముంటుంది?

మీ ఆరుగుర్నీ ఒక రెండు వారాలు డేటా దగ్గర్నుంచి లేపి మనుషుల దగ్గరికి పంపండి. కంపెనీలో మళ్లీ మళ్లీ తీసుకునే నిర్ణయాలు ఏంటి, ఎవరు తీసుకుంటారు, ఏ రోజు తీసుకుంటారు, వాళ్ల ముందున్న దారులు ఎన్ని, తప్పితే ఎంత పోతుంది, ఇవి రాసుకు రమ్మనండి. ఏడాదికోసారి వచ్చే పెద్ద నిర్ణయం కంటే వారం వారం వందలసార్లు జరిగే చిన్నవాటికే డేటా ఎక్కువ పనికొస్తుంది, ఎందుకంటే తప్పో ఒప్పో త్వరగా తెలిసిపోతుంది, మళ్లీ వారం దిద్దుకోవచ్చు.

ఉదాహరణకి సరుకు ఎంత తెప్పించాలి అన్నది. ఫోర్‌కాస్ట్ టీమ్ నాకు "వచ్చే వారం 1,000" అని ఒకే ఒక్క నంబర్ ఇచ్చేది. అది మధ్యలో ఉండే అంచనా, అంటే 1,000 తెప్పిస్తే దాదాపు సగం సార్లు తక్కువ పడుతుంది. కానీ నా దగ్గర సరుకు లేక అమ్మకం పోతే ఒక్కో పీస్ మీద నష్టం 3 అనుకుంటే, అమ్ముడవక మిగిలిపోతే నష్టం 1. అప్పుడు లెక్క చాలా సింపుల్, 3ని 3+1తో భాగిస్తే 0.75, అంటే 75 శాతం సార్లు సరిపోయేంత తెప్పించాలి, అది 1,150 అవ్వచ్చు 1,300 అవ్వచ్చు, డిమాండ్ ఎంత ఊగుతుందన్నదాన్ని బట్టి. ఆపరేషన్స్ రీసెర్చ్‌లో దీన్ని న్యూస్‌వెండర్ లెక్క అంటారు, చాలా పాతది. ఇది చేయాలంటే డేటా టీమ్ ఫోర్‌కాస్ట్‌ని ఒక్క నంబర్‌గా కాకుండా రేంజ్‌గా ఇవ్వాలి, ఆ 3, ఆ 1 ఎంతో బిజినెస్ వాళ్లు చెప్పాలి. ఆ రెండూ ఒక్క స్క్రీన్ మీదికి వచ్చిన రోజు నుంచి నేను పొద్దున రాగానే అదే తెరిచేదాన్ని, ఎవరూ గుర్తుచేయాల్సిన పని లేకుండా పోయింది.

సిస్టమ్ చెప్పినదాన్ని మేనేజర్లు మార్చేస్తే ఆపకండి, మార్చనివ్వండి. ఎందుకు మార్చారో ఒక్క లైన్ రాయించుకోండి చాలు. మూడు నెలలయ్యాక సిస్టమ్ చెప్పింది, మనిషి చేసింది, నిజంగా జరిగింది, మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. మా దగ్గర కొన్ని చోట్ల మనుషులే గెలిచారు, పెద్ద కస్టమర్ ఒకరు ఆర్డర్లు ఆపేయబోతున్నారని వాళ్లకి ఫోన్‌లో తెలిసింది, మోడల్‌కి ఎలా తెలుస్తుంది? కొన్ని చోట్ల మాత్రం మార్చిన ప్రతిసారీ నష్టమే. నేను ఎవర్నీ పిలిచి నిలదీయలేదు, ఎవరి షీట్ వాళ్లకే ఇచ్చాను, తర్వాత నెల నుంచి వాళ్లంతట వాళ్లే తగ్గించారు.

శాంపిల్_సైజ్:

ఒక్క విషయం కలుపుతా. డేటా ఎంత శుభ్రంగా ఉన్నా, జరిగిపోయిన డేటా చూసి "ఇలా చేస్తే అలా అవుతుంది" అని చెప్పడం కష్టం, చేసి చూడాల్సిందే. 2012లో మైక్రోసాఫ్ట్ సెర్చ్ ఇంజిన్ బింగ్‌లో ఒకరు యాడ్ హెడ్డింగ్‌కి కింది లైన్‌ని కలిపి పొడుగ్గా చూపిద్దాం అన్నారు. పెద్ద విషయంలా అనిపించక ఆ ఐడియా నెలల తరబడి లిస్ట్‌లో కిందే పడి ఉంది. ఒక ఇంజినీర్ తీసి ఏ/బి టెస్ట్ (కొందరికి పాతది, కొందరికి కొత్తది చూపించి పోల్చడం) పెడితే ఆదాయం 12 శాతం పెరిగింది, ఒక్క అమెరికాలోనే ఏడాదికి 10 కోట్ల డాలర్లకు పైగా. అక్కడ ఎక్స్‌పెరిమెంట్స్ టీమ్‌ని నడిపిన రాన్ కోహావీ చెప్పేదాని ప్రకారం టెస్ట్ చేసిన ఐడియాల్లో దాదాపు మూడో వంతే మెట్రిక్‌ని మెరుగుపరిచాయి, ఇంకో మూడో వంతు ఏ తేడా చూపించలేదు, మిగతావి చెడగొట్టాయి. అంత తెలివైనవాళ్లున్న చోటే ఇలా ఉంటే మన మీటింగ్ రూమ్‌లలో అంచనాలు ఎంతవరకు నిలుస్తాయో ఆలోచించండి.

వెబ్‌సైట్ లేని చోట కూడా చేయొచ్చు. కొత్త పాలసీ అన్ని బ్రాంచీల్లో ఒకేరోజు పెట్టకుండా లాటరీ తీసి సగం ముందు, సగం రెండు నెలల తర్వాత పెడితే అదే టెస్ట్. కాకపోతే ఎన్ని రోజులు నడపాలో ముందే రాసిపెట్టుకోండి, రోజూ తొంగిచూసి నచ్చిన రోజు ఆపేస్తే లేని లాభం ఉన్నట్టు కనపడుతుంది.

టార్గెట్‌లతో కూడా జాగ్రత్త. చార్లెస్ గుడ్‌హార్ట్ అనే బ్రిటిష్ ఆర్థికవేత్త 1975లోనే చెప్పాడు, ఒక కొలతని అదుపు చేయడానికి వాడటం మొదలుపెడితే అది పాత అర్థం కోల్పోతుందని. కాల్ సెంటర్‌లో సగటు కాల్ టైమ్ మీద బోనస్ పెడితే కాల్ టైమ్ తగ్గుతుంది, అదే కస్టమర్ రెండోసారి మూడోసారి చేయడం పెరుగుతుంది. అందుకే ఒక మెట్రిక్ పెడితే దాన్ని కాపలా కాసే ఇంకో మెట్రిక్ కూడా పక్కనే ఉండాలి. మోడల్స్‌కీ అంతే, నిన్న బాగా పనిచేసింది రేపు మార్కెట్ మారితే చేయదు. అమెరికాలో ఇళ్ల అమ్మకాల వెబ్‌సైట్ నడిపే జిలో కంపెనీ ఇళ్లు కొని అమ్మే వ్యాపారాన్ని 2021 నవంబర్‌లో మూసేస్తూ చెప్పిన కారణం కూడా ఇళ్ల ధరలు అనుకున్నదానికంటే చాలా ఎక్కువగా అంచనాకి అందకుండా పోయాయనే, దాదాపు నాలుగో వంతు మందికి ఉద్యోగాలు పోయాయి.

లెక్కలటీమ్:

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ చాలా థ్యాంక్స్. నిర్ణయాల లిస్ట్ సోమవారం నుంచే మొదలుపెడుతున్నా. పైప్‌లైన్ గారూ ఒక డౌట్, యాక్టివ్ కస్టమర్ డెఫినిషన్ మీద సేల్స్, ఫైనాన్స్ ఇద్దరూ అస్సలు తగ్గట్లేదు, అప్పుడు మీరేం చేశారు?

పైప్‌లైన్_పనివాడు:

ఎవర్నీ ఓడించలేదండీ. రెండు లెక్కలూ ఉంచి రెండు పేర్లు పెట్టాం, "ఆర్డర్ ఇచ్చిన కస్టమర్", "బిల్లు అయిన కస్టమర్". ఉత్త "యాక్టివ్ కస్టమర్" అనే మాటని రిపోర్ట్‌లలోంచి తీసేశాం. ఒకదాంట్లోంచి ఇంకోదానికి ఎలా వస్తారో చూపించే చిన్న టేబుల్ ఒకటి కలిపాం, ఇంతమంది రిటర్న్స్, ఇంతమంది ఇంకా బిల్లు కానివాళ్లు, ఇన్ని డూప్లికేట్ ఐడీలు అని. ఆ డూప్లికేట్ల వరస చూసినప్పుడే ఇద్దరూ మొదటిసారి ఒక మాట మీదికి వచ్చారు, ముందు ఇది సరిచేయండి అని.

ఆపరేషన్స్‌లో_20ఏళ్లు:

లెక్కలటీమ్ గారూ, ఆ ప్రోడక్ట్ లైన్ సంగతి వదిలేయకండి. ఇంకో ఏడాది నడుపుదాం అన్నారుగా, మీ హెడ్‌ని ఈ వారమే ఒక పది నిమిషాలు అడిగి కూర్చోండి, "సర్, వచ్చే ఏడాది ఈ టైమ్‌కి ఏ నంబర్ ఎంత ఉంటే మీరు దీన్ని ఆపేస్తారు?" అని అడిగి ఆయన చెప్పింది ఆయన మాటల్లోనే రాసి, తేదీ వేసి ఆయనకే మెయిల్ చేయండి. ఆ ఒక్క నంబర్ సరిగ్గా వచ్చేలా చూడటమే మీ టీమ్‌కి మొదటి పని అవ్వనివ్వండి.