ఎఫ్‌ఎంజీఈకి ఆరు వారాలే ఉంది: ప్రశ్నలే చేయాలా, నోట్స్ చదవాలా?

రెండో అటెంప్ట్ (హనుమకొండ)
కిర్గిజ్‌స్తాన్‌లో ఎంబీబీఎస్ చదివి వచ్చా. ఇక్కడ డాక్టర్‌గా చేయాలంటే ఎఫ్‌ఎంజీఈ, అంటే విదేశాల్లో చదివినవాళ్ళకు పెట్టే స్క్రీనింగ్ పరీక్ష, పాసవ్వాలి. జూన్‌లో 138 వచ్చాయి. 300కి 150 వస్తే పాస్, అంటే 12 మార్కులతో పోయింది. డిసెంబర్ పరీక్షకు ఆరు వారాలుంది. నయీంనగర్‌లో రూమ్. రూమ్మేట్ ఏమో పుస్తకాలు అటక మీద పెట్టి క్యూబ్యాంక్ (ప్రాక్టీస్ ప్రశ్నల బ్యాంక్), పాత రీకాల్స్ మాత్రమే చేయమంటున్నాడు. కోచింగ్ సార్ ఏమో నోట్స్ మూడుసార్లు పూర్తయ్యేదాకా ప్రశ్నలు ముట్టొద్దన్నారు. మా నాన్న ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తెచ్చినప్పుడల్లా రూమ్‌కి వచ్చి "ఇంకెన్ని పుస్తకాలున్నయిరా?" అని అడిగి పోతున్నాడు. ఎవరి మాట వినాలి?

రోజుకు వంద
మీ రూమ్మేట్‌దే కరెక్ట్. రెండు భాగాలు, ఒక్కోదాంట్లో 150 ప్రశ్నలు, 150 నిమిషాలు. నిమిషానికి ఒకటి. నోట్స్ ఎంత చదివినా ఆ స్పీడ్ రాదు. తప్పుకు మైనస్ మార్కు కూడా లేదు కాబట్టి, తెలియని చోట రెండు ఆప్షన్లు కొట్టేసి మిగిలిన రెండింట్లో ఒకటి పెట్టడం కూడా సాధనే. నేను మూడు నెలలు రోజుకు వంద చేశా, నోట్స్ తెరవలేదు. 171 వచ్చాయి.

పాత కేఎంసీ
తమ్ముడూ, 171కి అభినందనలు. కానీ రీకాల్స్ అంటే ఏమిటో ఈ అబ్బాయికి చెప్పు. పరీక్ష పెట్టే బోర్డు ఎన్‌బీఈఎంఎస్ ప్రశ్నపత్రం బయటపెట్టదు. హాల్లోంచి వచ్చినవాళ్ళు గుర్తున్నంత చెప్తే ఇంకొకరు టైప్ చేసిందే రీకాల్. కేసులో సగం వివరాలు పోతాయి, ఆప్షన్లు మారతాయి.

ఒక్కటి చూడు. "రాత్రి నేల మీద పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపునొప్పితో లేచాడు. కనురెప్పలు వాలుతున్నాయి. కాటు గుర్తు కనబడట్లేదు." జవాబు కట్లపాము అని బట్టీ పట్టినవాడు ఎగిరి గంతేస్తాడు. అదే కేసిచ్చి నియోస్టిగ్మిన్ అనే మందు ఏ పాము కాటుకు బాగా పనిచేస్తుందని అడిగితే? నాగుపాముకి. దాని విషం కండరం వైపున్న రిసెప్టర్‌ను పట్టుకుంటుంది, ఈ మందు అసిటైల్‌కోలిన్‌ను (నరం నుంచి కండరానికి సంకేతం మోసే రసాయనం) పెంచితే కొంత విడుస్తుంది. కట్లపాము విషం నరం చివరనే దెబ్బతీస్తుంది, కాబట్టి అక్కడ పెద్దగా ఉపయోగం ఉండదు. ఈ కారణం ఒక్కసారి తెలిస్తే ప్రశ్న ఎటు తిప్పినా రాస్తావు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో హౌస్ సర్జన్సీ చేసినప్పుడు వానాకాలం రాత్రుల్లో ఇవన్నీ చూశాం. పేషంట్ నాలుగు ఆప్షన్లు పట్టుకుని రాడు.

రోజుకు వంద
సార్, మీరు పాసయ్యాక మాట్లాడుతున్నారు. అతనికి ముందు 12 మార్కులు కావాలి.

కాజీపేట అక్క
మూడో అటెంప్ట్‌లో గట్టెక్కినదాన్ని, నేనూ చెప్తా.

మొదటిసారి నోట్సే చదివా. ప్రతి పేజీ తెలిసినట్టే ఉండేది, హాల్లో ఏదీ గుర్తురాలేదు. 2006లో రోడిగర్, కార్పికే అని ఇద్దరు పరిశోధకులు చేసిన ప్రయోగం నా కథే. చదివిందే మళ్ళీ చదివినవాళ్ళు ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే ముందున్నారు. వారం తర్వాత పెడితే, చూడకుండా గుర్తుచేసుకుని రాసినవాళ్ళే ముందున్నారు. కాబట్టి మీ సార్ చెప్పిన మూడు రౌండ్లు పక్కన పెట్టు.

రెండోసారి నేనూ వంద బ్యాచే. ఒకే క్యూబ్యాంక్ మూడుసార్లు తిప్పా. చివర్లో తొంభై శాతం వచ్చేది, తెలివొచ్చిందనుకున్నా. మొదటి లైన్ చూడగానే వేలు 'సి' మీదికి పోయేది, అంతే. మళ్ళీ ఫెయిల్.

మూడోసారి రోజుకు నలభై. ముందు జవాబు పెట్టి, పక్కన ఒక్క ముక్కలో కారణం రాసేదాన్ని. కరెక్ట్ అయినా కారణం తప్పైతే తప్పు కిందే లెక్క. మిగిలిన మూడు ఆప్షన్లు ఎందుకు కావో చదివి, అర్థం కాకపోతేనే నోట్స్ తెరిచేదాన్ని. తప్పులన్నీ వారం తర్వాత మళ్ళీ.

రోజుకు వంద
అక్కా, రోజుకు నలభై అంటే ఆరు వారాల్లో పదిహేడు వందలు కూడా కావు. 19 సబ్జెక్టులున్నాయి!

కాజీపేట అక్క
కావు, నిజమే. అందుకే ఎక్కడ చేయాలో చూసుకోవాలి. మార్కులు మెడిసిన్ 33, సర్జరీ 32, ఓబీజీ (కాన్పులు, స్త్రీ వ్యాధులు) 30, పీఎస్ఎం (ప్రజారోగ్యం) 30. ఈ నాలుగే 125. అనాటమీ 17 మార్కుల కోసం నెల పోగొట్టేవాళ్ళను చాలామందిని చూశా, నాతో సహా. రెండో అటెంప్ట్ తమ్ముడూ, నీకు ఎక్కడ పోయాయి?

పాత కేఎంసీ
ఇంకో మాట. టెలిగ్రామ్‌లో తిరిగే పాత పీడీఎఫ్‌లు నమ్మకు. ఓఆర్ఎస్ ఆస్మోలారిటీ (ద్రావణంలో కరిగిన కణాల గాఢత) 311 అని టిక్ పెట్టినవి ఇంకా ఉన్నాయి. 2002 నుంచి అది 245. అమ్మాయి చెప్పిన నలభై పద్ధతికి నాకు అభ్యంతరం లేదు. వందకు మాత్రం ఉంది.

రెండో అటెంప్ట్ (హనుమకొండ)
అక్కా, సబ్జెక్టుల వారీగా పరీక్షవాళ్ళు చెప్పలేదు, కానీ కోచింగ్ గ్రాండ్ టెస్టుల్లో (పూర్తి నమూనా పరీక్షల్లో) ప్రతిసారీ పీఎస్ఎం, ఓబీజీలోనే పోతున్నాయి. మీరు చెప్పినట్టు రాత్రి క్యూబ్యాంక్‌లో పాత బ్లాక్ (ప్రశ్నల సెట్) ఒకటి తెరిచా. 50లో 38 కరెక్ట్. కారణం రాయమంటే 38లో 21కే రాయగలిగా. రూమ్మేట్‌కీ అదే పెట్టా, వాడికి 19. ఇప్పుడు మాట్లాడట్లేదు.

రోజుకు వంద
రాత్రి నేనూ ఒక బ్లాక్ చేసి చూశా. నంబర్ చెప్పను.