క్రెటా ఎన్ లైన్ కారుకి 18 అంగుళాల రిమ్ములే ఉంచాలా, 17కి దిగాలా?

నమస్కారం అండి. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు, బండి క్రెటా ఎన్ లైన్ టర్బో, టైర్లు 215/55 ఆర్18 (అంటే వెడల్పు 215 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 55 శాతం, రిమ్ము 18 అంగుళాలు). మొన్న వానల్లో కాలవ గట్టు రోడ్డు మీద వస్తుంటే నీళ్లు నిండిన గుంట కనపడక ముందు ఎడమ చక్రం దబీమని పడింది, టైరు పక్క భాగం ఉబ్బిపోయింది, రిమ్ము అంచు వంగింది. పక్కనే నిండు కాలవ, వెనక సీట్లో పిల్లలు. ఆ భయం ఇంకా పోలేదు.

టైర్లు, రిమ్ములు నాలుగూ మార్చేద్దామనుకుంటున్నాను. 215/60 ఆర్17 వేస్తే చక్రం మొత్తం ఎత్తు 4 మిల్లీమీటర్లే తగ్గుతుంది, టైరు పక్క గోడ మాత్రం 11 మిల్లీమీటర్లు పెరుగుతుంది, మన గుంటలకి అదే మేలని నా లెక్క. కానీ 17 రిమ్ము ముందు బ్రేక్ కాలిపర్‌కి (బ్రేక్ డిస్కుని పట్టి ఆపే భాగం) తగలకుండా కూర్చుంటుందా? ఎవరైనా వేయించి చూశారా?

కెనడాలో ఉన్న మా తమ్ముడు వింటర్ టైర్లు వేయించమంటున్నాడు, అయితే ఆ మెత్తటి రబ్బరు 7 డిగ్రీల లోపు చలికి తయారుచేసింది, మన ఎండలకి తొందరగా అరిగిపోతుంది, అందుకే వద్దనుకున్నాను. నాకు కావాల్సింది రావులపాలెం రోడ్డులో జోరు వానలో బ్రేక్ వేస్తే ఆగే టైరు, నల్లమట్టి బురదలో జారనిది. రిమ్ము సైజు మారిస్తే ఇన్సూరెన్స్ క్లెయిమ్‌కి ఏమైనా ఇబ్బంది వస్తుందా? తెలిసినవాళ్లు చెప్పండి, ఈ వారంలోనే రాజమండ్రి వెళ్లి వేయించాలి.