పెరట్లో పాము, కోతులు, ముంగిస: చంపకుండా కలిసి బతుకుతున్నవాళ్ళు చెప్పండి

చిక్కుడుపందిరి:
శామీర్‌పేట దాటాక 300 గజాల్లో ఇల్లు కట్టుకుని ఏడాదైంది. వెనక జామ, సీతాఫలం, చిక్కుడు పందిరి, నాలుగు మళ్ళ ఆకుకూర. పెంట గుంత పక్కన రాళ్ళకుప్పలో ఆరడుగుల పాము ఉంటోంది, జెర్రిపోతే అనుకుంటున్నా. ముంగిస పొద్దున్నే వచ్చిపోతుంది. కోతులు వారానికి రెండుసార్లు. దేన్నీ చంపే ఉద్దేశం లేదు. కానీ పామును చూసినప్పటి నుంచీ అమ్మకు నిద్ర లేదు. రాళ్ళకుప్ప తీసెయ్యాలా? జామకు ఎలాంటి వల వెయ్యాలి? గబ్బిలం కొరికిన కాయ తినొచ్చా?

సిద్దిపేట_మడి:
వారానికి రెండుసార్లేనా అన్నా? మాకు దినాం. నిరుడు ఎకరంన్నర మక్క, కంకి పాలు వోసుకునే యాళ్లకు మూడు రోజుల్ల ఊడ్చినయి. ఇంటెనుక బీర, సొర పెట్టుడు బందు జేసినం. ఇప్పుడు పసుపు, మిర్చి, చేమగడ్డ. వాటి జోలికి మా దగ్గరైతే రాలే. కొండముచ్చు బొమ్మ ఫ్లెక్సీ గట్టినం. వారం బెదిరినయి, తర్వాత దాని కిందనే కూసున్నయి.

గోదారిగట్టు:
మేం ప్రతి శనివారం గోడ మీద అరటిపళ్ళు పెడతామండీ. మా అత్తగారి కాలం నుంచీ ఉన్న అలవాటు. స్వామి పేరు చెప్పి పెడితే తిని వెళ్ళిపోతాయి, మా మొక్క మీద చెయ్యి వెయ్యవు.

సిద్దిపేట_మడి:
అక్కా, మీ మొక్క మీద వెయ్యవు, పక్కింటి మీద వేస్తయి. మనిషి చేతి తిండి మరిగిన కోతి మళ్ల చింతకాయకు, మేడిపండుకు పోదు. గిన్నెలు ఎత్కపోతది, పిల్లల చేతిల బిస్కిటు గుంజుకుంటది. పెట్టేటోళ్లు పుణ్యమనుకుంటరు, పంట మాది పోతది.

గోదారిగట్టు:
మాట జాగ్రత్త బాబూ. రోడ్డు వెడల్పని మర్రి, రావి, మేడి చెట్లు కొట్టేసింది కోతులా? తిండి లేకే కదా ఊళ్ళోకొచ్చాయి. డజను అరటిపళ్ళు పెట్టినందుకు మీ మక్కచేను పాపం నా నెత్తిన వేస్తారా?

సిద్దిపేట_మడి:
చెట్లు కొట్టుడు తప్పే, నేను కాదంటలేను. గానీ పండ్లు వెట్టుడు దానికి మందు గాదు. పెడితే మందలు పెరుగుతయి. నిర్మల్ దగ్గర 2020ల కోతుల కేంద్రం ఎందుకు తెరిచిన్రు? పిల్లలు కాకుండ ఆపరేషన్లు చేసేటందుకే గదా.

అనంత_దానిమ్మ:
ఇద్దరూ ఆగండప్పా. మా పాప చేతిలో పండు లాక్కుంటూ కోతి గీరింది. ముందు పోయిన చోట ‘గీరితే ఏమీ కాదు’ అని పంపేసినారు. మనసొప్పక ఇంకో చోటికి పోతే, రక్తం వచ్చినాక రేబిస్ టీకా వేయాల్సిందే అన్నారు. సబ్బు, నీళ్ళతో 15 నిమిషాలు కడిగి, మొదటి రోజు, మళ్ళీ 3, 7, 14, 28వ రోజుల్లో వేయించినాం. ఆ నెల మా ఇంట్లో ఎవరికీ కూడు సయించలేదు. పండ్లు పెట్టేవాళ్ళు ఇదీ గుర్తుపెట్టుకోండి.

కారంపొడి_గుంటూరు:
ఇంత గొడవెందుకు, కొండముచ్చును తెచ్చి నాలుగు రోజులు కట్టేస్తే కోతులు ఊరు దాటిపోతాయి. పాముకైతే ఈశ్వరి తీగ నాటండి, ఆ వాసనకు దగ్గరికి రాదు.

పాములబాట:
18 ఏళ్ళుగా పాములు పట్టి అడవిలో వదులుతున్నవాణ్ణి, చెప్తున్నా వినండి. కొండముచ్చును కట్టేసి తిప్పడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. ఈశ్వరి తీగ మొదట్లోనే చుట్టుకుని పడుకున్న నాగుపామును నేనే తీశాను. వెల్లుల్లి, గంధకం, ఫినాయిల్ కూడా అంతే.

ఇక జెర్రిపోతు. కన్ను పెద్దది, పెదవుల మీద నిలువుగా నల్లగీతలు, పడగ ఉండదు, మనిషి అలికిడికి బాణంలా పోతుంది. విషం లేదు. తోకతో కొడుతుందన్నది, నాగుపాముతో జతకడుతుందన్నది రెండూ అబద్ధం. పెనవేసుకుని లేచేవి చాలాసార్లు కుస్తీ పడుతున్న రెండు మగ జెర్రిపోతులు. అది ఉంటే ఎలుక తగ్గుతుంది.

భయపడాల్సింది కట్లపాముకు. రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్ళను కరుస్తుంది. నొప్పీ వాపూ అంతగా ఉండవు. తెల్లారేసరికి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం. అమ్మగారిని మంచం మీద, దోమతెర అంచులు పరుపు కింద దోపి పడుకోబెట్టండి. కరిస్తే కట్టు బిగించొద్దు, కొయ్యొద్దు, నాటుమందు వద్దు, 108కి ఫోన్ చెయ్యండి.

కారంపొడి_గుంటూరు:
మా తాత ఈశ్వరి వేరు అరగదీసి పాము కరిచినవాళ్ళకు పోసేవాడు, బతికారు. 18 ఏళ్ళ అనుభవం ముందు మూడు తరాల అనుభవం లెక్కలోకి రాదా?

పాములబాట:
బతికినవాళ్ళను కరిచింది విషం లేని పామై ఉంటుంది, లేదా విషం దిగని కాటు. నాలుగు పాముల విషానికి పనిచేసే ఇంజెక్షన్ ఆసుపత్రిలో ఉంది. ఆ వేరు కోసం అరగంట పోగొట్టుకున్న మనిషిని నా చేతుల మీద మోశాను. ఇందులో నేను తగ్గను.

సీతాకోకపెరడు:
ఈశ్వరి తీగను మాత్రం పీకకండి! నేనూ పాముల కోసమే నాటాను. ఎర్ర ఒంటి నల్ల సీతాకోకచిలుకలు దాని ఆకు మీదే గుడ్లు పెడతాయి. మూడో ఏడు నుంచి కార్తీకంలో మా గోడంతా అవే.

న్యూజెర్సీ_గోంగూర:
ఇక్కడ మాకు జింకలు. ఇండియా నుంచి తెచ్చుకున్న విత్తనంతో వేసిన చిక్కుడును రాత్రికి రాత్రే మోడు చేశాయి. ఎనిమిదడుగుల కంచె వేశాకే కాయ చూశాను. పుదీనా, వెల్లుల్లి ముట్టవు.

చిక్కుడుపందిరి:
పాములబాట గారూ, రాత్రి ఫోటో తీశాను, పెదవుల మీద గీతలు ఉన్నాయి. అమ్మకు చూపించి మీరు రాసింది చదివి వినిపించాను. ‘ఎలుకల్ని తింటుందా’ అని రెండుసార్లు అడిగింది. దోమతెర కట్టాం. జామ సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.

సీతాకోకపెరడు:
చెట్టు మొత్తానికి వల వద్దు, పిట్టలు, పాములు చిక్కుకుని చస్తాయి. కాయకు కాయ గుడ్డసంచి తొడగండి. గబ్బిలం కొరికింది తినొద్దు, పూడ్చండి. 2018లో కేరళలో గబ్బిలాల నుంచి సోకే నిఫా వైరస్ వచ్చినప్పటి నుంచి మేం అంతే.

పాములబాట:
రాళ్ళకుప్పను గోడకు ఆనించి ఉంచొద్దు, పెరటి చివరకి జరపండి. మిట్టమధ్యాహ్నం, గడ్డపారతో, ఒక్కో రాయీ. చెయ్యి పెట్టొద్దు. గుడ్లు కనిపిస్తే ఆపేసి ఇక్కడ రాయండి.

సిద్దిపేట_మడి:
గుడ్డసంచి కోతి చింపదా?